గుట్టెక్కితే ఎంత కరుగుతది?

భువనగిరి కోట నిలబడ్డది ఒక్కటే రాయి మీద. ఆ బండ మీద ఎక్కుడు నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. బరువు తగ్గేందుకు మనం అంత దూరం పోనక్కర్లేదు. మెట్లు జోరుగా ఎక్కితే, సాఫు తొవ్వల నడిచినదానికి రెండింతల కేలరీలు ఖర్చయితయి. అడుగడుగుకూ ఒళ్లంతటినీ మీదికి లేపాలె మరి! దిగేటప్పుడు ఖర్చు తక్కువే గాని, తెల్లారి తొడలు పట్టేసేది ఆ దిగుడు వల్లనే.

60 కిలోల మనిషి గంట నడిస్తే సుమారు 210 కేలరీలు. గంటకు 10 కిలోమీటర్ల చొప్పున ఉరికితే 600కు దగ్గర. యోగాసనాలకు 150. ఇక్కడొక మతలబు ఉంది. ఊకె కూసున్నా గంటకు 60 ఖర్చయితయి, వాటిని తీసేసి చూడాలె. నడకకు మిగిలేది 150. కిలో కొవ్వులో ఉండేవి సుమారు 7,700. అంటే రోజూ గంట నడిచినా కిలో కరగడానికి సుమారు 50 రోజులు. సాయంత్రం నాలుగు మిర్చి బజ్జీలు లాగిస్తే ఆనాటి నడక వాటి ఖాతాలోకే.

తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసేటోళ్లకు కాంటా మీద ముల్లు కదలదు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 119 మందిని 8 నెలలు పరీక్షించి 2012లో చెప్పింది కూడా ఇదే: నడక, పరుగు బరువు తగ్గించినయి, బరువులెత్తుడు కండ పెంచింది. రెండూ కలిపి చేసినోళ్లకు టైం రెట్టింపు పట్టింది, బరువు మాత్రం అదనంగా తగ్గలేదు.

20 సెకండ్లు ప్రాణం పెట్టి చేసి, 10 సెకండ్లు ఆగే ‘తబాతా’కు ఇప్పుడు జిమ్ముల్లో మస్తు గిరాకీ. 1996లో ఆ పేరుగల జపాన్ శాస్త్రవేత్త దీంతో కొలిచింది దమ్ము, బరువు కాదు.

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడెక్కడి ఆనకట్టలకో మట్టి మోసినోళ్లు. వాళ్లను చూపి ‘కష్టం చేస్తే ఒళ్లు రాదు’ అంటరు. ఆ సన్నదనంలో ఆకలి వాటా ఎంతో ఎవరూ అడగరు. టాంజానియాలో వేటాడి బతికే హడ్జాలు దినమంతా తిరిగినా, ఒంటి సైజు లెక్కలోకి తీసుకుంటే రోజు మొత్తం కేలరీల ఖర్చు అమెరికన్లకు దగ్గరగానే ఉందని 2012లో తేలింది. ఒకచోట ఖర్చయింది ఒళ్లు ఇంకోచోట మిగిల్చుకుంటదట. అందుకే కంచం సంగతి తేలనిదే ఏ కసరత్తుకూ కాంటా పెద్దగా లొంగదు.

నా ఓటు మాత్రం బతుకమ్మకే. వంగుతూ, చప్పట్లు కొడుతూ గంట తిరిగినా అలుపు తెలవదు. 9 రోజులే ఉండుడు ఒక్కటే లోటు. మిగతా రోజులకు నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట, యాదగిరిగుట్ట మెట్లు ఉండనే ఉన్నయి. మోకాళ్ల నొప్పులున్నోళ్లు, గుండె జబ్బున్నోళ్లు ముందుగాల డాక్టరును అడిగినంకనే ఎక్కండి.