ముందు నేర్చుకోవాల్సింది మాస్టారే!

సాయంత్రం నాలుగున్నర. బడి గంట కొట్టేశారు. పామర్రు సెంటర్లో గుడివాడ బస్సు ఒక పక్క, బందరు బస్సు మరో పక్క హారన్లు మోగిస్తున్నాయి. ఆ సందడికి కాస్త దూరంగా ఓ బడి ఆవరణ. పాతికమంది పిల్లలు... ఒకే ఒక్క ఫుట్‌బాల్... మెడలో ఈల వేసుకుని వాళ్ల ముందు నిలబడ్డ ఓ కుర్రాడు. ఒక్కసారి ఊహించుకోండి!

కాలేజీలో బాగా ఆడాడని అతనికి పేరు. 'మన పిల్లలకు కాస్త నేర్పు బాబూ' అని పెద్దలడిగితే కాదనలేకపోయాడు. మరి మొదటిరోజు ఏం చేస్తాడు? గ్రౌండు చుట్టూ అయిదు రౌండ్లు కొట్టిస్తాడు. తర్వాత అందర్నీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేతా గోల్ కొట్టిస్తాడు. చివరివాడి వంతు వచ్చేసరికి పొద్దుగూకుతుంది. వారం తిరిగేసరికి పాతికమంది కాస్తా పదిహేనుమంది అవుతారు. 'ఈ కాలం పిల్లలకి ఓపిక లేదండీ' అంటాడు కోచ్.

పామర్రనే కాదు, ఏ ఊళ్లోనైనా జరిగేదే ఇది. లోపం ఆ కుర్రాడి మనసులో లేదు. ఆడటం అతనికి వచ్చు. నేర్పడం ఇంకా రాలేదు. అదీ ఒక విద్యేనని, దాన్నీ మొదటి మెట్టు నుంచి నేర్చుకోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ సంగతి మన హైదరాబాద్‌లో ఓ బడిపంతులు డెబ్బై ఏళ్ల కిందటే చేసి చూపించారు!

బడి నుంచి ఒలింపిక్స్‌కు...

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ పిలిచే పేరు రహీం సాబ్. 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. బడుల్లో పాఠాలు చెబుతూనే వ్యాయామ విద్యలో డిప్లొమా పూర్తిచేశారు. స్వయంగా ఆటగాడు కూడా. అయినా ఆ అనుభవం చాలనుకోలేదు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే భారత జట్టు బాధ్యత ఆయన చేతికొచ్చింది. మరుసటేడాదే ఢిల్లీ ఆసియా క్రీడల్లో మనకు స్వర్ణం!

ఇంకొకరైతే అక్కడితో 'నాకన్నీ తెలుసు' అనుకునేవారేమో. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్ వచ్చాయి. యుగోస్లావియాతో మ్యాచ్. మనవాళ్లలో ఎక్కువమంది ఉత్తకాళ్లతోనే బరిలోకి దిగారు. ఫలితం 10-1. ఘోర పరాజయం.

ఆ ఓటమి ఆయనకు పాఠమైంది. అంతర్జాతీయ మ్యాచ్‌లలో బూట్లు తప్పనిసరయ్యాయి. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హంగరీ జట్టు ఆడే తీరును రహీం శ్రద్ధగా గమనించారు. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి జరిపి ఆడించే వాళ్ల పద్ధతిని మన జట్టుకూ అలవాటు చేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్‌కు చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదూరం వెళ్లిన తొలి ఆసియా దేశం మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది.

ఎడమకాలి టోర్నీ!

పెద్ద జట్ల కథ సరే, పిల్లలకు ఆయనెలా నేర్పేవారు? అసలు కిటుకు అక్కడే ఉంది. రహీం కుర్రాళ్ల కోసం చిత్రమైన టోర్నీలు పెట్టించేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. అంటే బంతిని కాళ్ల మధ్యే తిప్పుకుంటూ పోకూడదు, వెంటనే పాస్ ఇవ్వాల్సిందే. మరోదాంట్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో తన్నాలన్నమాట. 'పాస్ ఇవ్వరా', 'ఎడమకాలు వాడరా' అని గొంతు చించుకోనక్కర్లేదు. ఆట నియమమే ఆ పని చేసి పెడుతుంది!

మనకిది కొత్తేం కాదు. పామర్రు నుంచి చల్లపల్లి దారిలో కాస్త దూరం వెళితే కూచిపూడి. అక్కడ గురువు దగ్గర చేరిన పిల్లను మొదటిరోజే వేదిక ఎక్కించరు. అడవులు వేయిస్తారు. అడుగు తప్పితే తాళం నెమ్మది చేసి మళ్లీ వేయిస్తారు. అడుగు కుదిరేలా తాళాన్ని మార్చుకోవడం గురువు పని.

పిల్లవాడి ఇంటి సంగతి కూడా రహీంకు పట్టేది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పేదింటి కుర్రాడు. శిక్షణకు రావడానికి సైకిలు అద్దె కూడా రహీమే ఇచ్చేవారని చెబుతారు. ఆ బలరామే తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు. అర్జున అవార్డు అందుకున్నాడు.

మరి మన గ్రౌండులో..?

రహీం కాలానికీ ఇప్పటికీ తెలిసిన విషయాలు పెరిగాయి. నేటి కోచ్ నేర్చుకోవాల్సినవీ పెరిగాయి.

చిన్న జట్లు: పదేళ్లలోపు పిల్లలకు పదకొండుమంది జట్టు, పెద్ద గ్రౌండు అక్కర్లేదు. నలుగురు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు. నాలుగు చెప్పుల జతలు పెడితే గోల్‌పోస్టులు సిద్ధం. అలాంటివి మూడు జాగాలు గీస్తే ఇరవైనాలుగు మంది ఒకేసారి ఆడొచ్చు. వరసలో నిలబడే బాధ లేదు. ప్రతివాడి కాలికీ బంతి తగులుతుంది. బంతులు మాత్రం ఇంకో రెండు కావాలి!

బంతి సైజు: ఎనిమిదేళ్లలోపు వారికి 3, పన్నెండేళ్ల దాకా 4, ఆపైన 5. చిన్నకాలికి పెద్దబంతి ఇస్తే నొప్పి తప్ప నైపుణ్యం రాదు.

తలతో ఆట: 2015లో అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలు బంతిని తలతో కొట్టకుండా నిషేధించింది. 2020లో ఇంగ్లండ్ కూడా పదకొండేళ్లలోపు వారి శిక్షణలో దాన్ని ఆపమంది. తల విషయంలో తొందరొద్దు.

నీళ్లు, నీడ: కృష్ణా డెల్టా ఉక్కపోత మనకు తెలియనిదా! దాహమని పిల్లలు అడిగేదాకా ఆగకూడదు. మధ్యమధ్య ఆట ఆపి తాగించాలి.

పుట్టిన నెల: ఒకే వయసు జట్టులో జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. పన్నెండేళ్ల వయసులో ఏడాదంటే మాటలా? జట్ల ఎంపికలో ముందు నెలల్లో పుట్టిన పిల్లలకే ఎక్కువగా చోటు దక్కుతోందని అనేక దేశాల్లో పరిశీలనలు తేల్చాయి. 'వీడు బక్కోడు' అని పక్కన కూర్చోబెట్టిన పిల్లవాడు నిజానికి చిన్నవాడేమో! నారు పోసిన రైతు రోజూ మొక్క పీకి వేరు చూడడు కదా.

కోచ్‌గా ఎదగాలనుకునేవారికి చదువూ ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి-లైసెన్స్‌తో మొదలుపెట్టి ఆసియా సమాఖ్య సి, బి, ఎ లైసెన్స్‌ల దాకా ఎక్కొచ్చు. ఆ మెట్లతోపాటు ఒక నోటు పుస్తకం కూడా ఉండాలి. రాత్రి పడుకునేముందు మూడు ప్రశ్నలు రాసుకుంటే చాలు. ఇవాళ అందరికీ బంతి అందిందా? ఎవరి పేరు ఒక్కసారీ పిలవలేదు? రేపు ఏం మార్చాలి?

ఓడిన జట్టే గెలిచింది

1962. జకార్తా ఆసియా క్రీడలు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. పైగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైంది, కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన పెట్టలేదు. డిఫెన్స్ నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో మళ్లీ ఎదురైంది అదే కొరియా. పి.కె.బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్... 2-1తో స్వర్ణం మనదే. ఆటగాడిలో ఏముందో కొత్తగా చూడటం రహీం ఆఖరిదాకా మానలేదు. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న ఆయన 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన జీవితకథతో 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది.

మళ్లీ మన బడి ఆవరణకే వద్దాం. మన కుర్ర కోచ్ రేపు సాయంత్రం రౌండ్లు కొట్టించకుండా, చెప్పులతో మూడు చిన్న గ్రౌండ్లు పెట్టాడనుకోండి. వరసలో ఎప్పుడూ చివర నిలబడే ఆ బక్కోడి కాలికి మొదటి అయిదు నిమిషాల్లోనే బంతి తగిలిందనుకోండి. వాడు ఎల్లుండి తప్పకుండా వస్తాడు. పక్కింటి పిల్లవాణ్ని కూడా వెంటబెట్టుకుని మరీ వస్తాడు!