ఎవరి కంచమును చూచి చెప్పిన మాట?

నూనెయు ఉప్పును లేని వంటయే ఆరోగ్యమునకు మూలమని మంతెన సత్యనారాయణరాజుగారు కొన్ని దశాబ్దములుగా బోధించుచున్నారు. అన్నము మాని కొబ్బరినూనెను, నేతిని దండిగా పుచ్చుకొనుడని వీరమాచనేని రామకృష్ణగారు చెప్పగా ఎందరో ఆ మార్గమును పట్టిరి. కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు అను ఐదే సిరిధాన్యములనియు, రాగి, జొన్న, సజ్జలు తటస్థధాన్యములు మాత్రమే యనియు ఖాదర్ వలీగారు వివరించుచున్నారు. ఈ మువ్వురి ఉపన్యాసములును లేపాక్షి బసవన్న ఎదుటి టీ అంగడిలో కూర్చున్న రైతు చేతి ఫోనులో ఒకదాని వెంట ఒకటి వినబడుచుండును. ఒకరు వలదన్నదానినే మరియొకరు దండిగా తినుమందురు. ఎవరిని నమ్మవలెనని సామాన్యుడు తల పట్టుకొనుట సహజమే. అయితే నమ్ముటకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ మాట ఎవరి కంచమును చూచి, ఎవరి కాయకష్టము నెరిగి చెప్పినది?

లేపాక్షి కంచమునే చూతము. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ అనంతపురపు పీఠభూమిలో వరి చెరువుల క్రిందను, బావుల క్రిందను పండవలసినదే. తక్కిన ఎర్రమెట్టలో రాగియు, కొర్రయు, సజ్జయు, వాని సాళ్ల నడుమ కందియు, అనపయు, అలసందయు, అన్నిటికిని కడపట ఉలవయు పండుచుండెను. ఇంటింటను ఎసటిలో గుప్పెడు నూకలు ఉడికి మెత్తబడిన పిదప రాగిపిండిని నడుమ గుట్టగా పోసి, కలియబెట్టక, సన్నని సెగమీద మగ్గనిచ్చి, ఆ మీదట ఉండకట్టకుండ కట్టెతో బలముగా కెలికి, తడిచేతితో ముద్ద చేసెడివారు. ముద్దకు తోడుగా ఉలవచారో, అనపకాయల కాలములోనైతే పితికిపప్పో, ఏదియు లేనినాడు చెనక్కాయల ఊరిబిండియో ఉండెడిది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. తెల్లబియ్యములో అది దాదాపు 7 మిల్లీగ్రాములు.

ఇట్టి కంచము మారినది. మెట్టచేలను క్రమముగా వేరుసెనగ ఆక్రమించినది. 1983లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకే బియ్యము ఇచ్చుటతో, పండుగనాటి వరియన్నము పేదయింట నిత్యభోజనమైనది. ఆ పథకమును నిందించుటకు నాకు నోరు రాదు. కరువునాట గంజికి నోచని యిండ్లలో అది పొయ్యి వెలిగించినది. కాని రాగిచేను పోయినప్పుడు రాగి యొక్కటియే పోలేదు; సాళ్ల నడుమనున్న కందియు, అనపయు, అలసందయు దానితోబాటే తరిగినవి. కంచమునకు వాటిల్లిన అసలు నష్టము, నా తలంపులో, ఇదియే. ధాన్యమును గూర్చి ఇంత చర్చ జరుగుచుండగా పప్పును గూర్చి విచారించువారు అరుదైరి.

పండితుల మాటనైనను ప్రశ్నింపవచ్చునా యని సంకోచించువారికి మన హైదరాబాదు నుండియే ఒక నిదర్శనము చూపవచ్చును. 1918లో కూనూరులో మెకారిసన్ దొర ఆరంభించిన చిన్న పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, పిమ్మట జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. ఆ కాలమున లోకమంతటను పిల్లల కృశత్వమునకు మాంసకృత్తుల (ప్రోటీనుల) కొరతయే కారణమను సిద్ధాంతము రాజ్యమేలుచుండెను. 1968లో ఐక్యరాజ్యసమితి సలహాసంఘమే ప్రోటీను సంక్షోభము ముంచుకొని వచ్చుచున్నదని హెచ్చరించెను. హైదరాబాదు సంస్థకు అధిపతియైన డాక్టరు సి. గోపాలన్‌గారును, వారి సహచరులును మాత్రము పల్లెబిడ్డలు నిజముగా ఏమి తినుచున్నారో, ఎంత తినుచున్నారో కొలిచి చూచిరి. ఆ బిడ్డలు తినెడి ధాన్యమును పప్పునే కడుపునిండ పెట్టినచో మాంసకృత్తులు చాలవరకు వానితోనే సమకూరుననియు, లోపించినది ఏదో యొక వింత పదార్థము కాదు, చాలినంత తిండియే యనియు వారు తేల్చిరి. హైదరాబాదు చుట్టుపట్ల గ్రామములలో వారు జరిపిన పరిశోధన 1973లో ప్రకటితమైనది. మరుసటి యేటనే మెక్‌లారెన్ అను శాస్త్రవేత్త లాన్సెట్ పత్రికలో ఆ ప్రోటీను వాదమును ఘోరవైఫల్యముగా వర్ణించెను. డబ్బాలలోని ప్రోటీను పొడుల ప్రకటనలు చూచి అప్పు చేసియైనను కొనవలెనని తలంచెడి తల్లిదండ్రులు ఈ కథను తెలిసికొనవలెను.

అట్లని మన నేల ధాన్యమెల్ల అమృతమని భ్రమింపరాదు. జొన్నయే ముఖ్యాహారముగా బ్రదికెడి దక్కను పేదలలో పెల్లాగ్రా వ్యాధి కనబడుటకు కారణమేమని వెదకి, జొన్నలో అధికముగానున్న ల్యూసిన్ అను అమైనో ఆమ్లమును అనుమానించుచు 1960లో గోపాలన్‌గారును శ్రీకంఠయ్యగారును వ్రాసిరి. ఆ వాదముపై పిదప చర్చ సాగినను, ఒకే ధాన్యముపై బ్రదుకు మోపుట క్షేమము కాదన్నది నిలిచినది. రాగి తిన్నచో రక్తములో చక్కెర పెరుగదను మాటయు సత్యము కాదు. మెత్తని పిండితో కాచి బెల్లము కలిపిన జావ వేగముగానే అరుగును. సిరిధాన్యములను నమ్మి వైద్యుడిచ్చిన మాత్రలను మానుకొనుట ప్రాణాపాయము. పొద్దంతయు చేనిలో వంగి కలుపు తీసెడి స్త్రీకి రెండు ముద్దలు న్యాయమైనవి. అంగడి గల్లాపెట్టె ముందు కదలక కూర్చున్నవానికి అవే రెండు ముద్దలు భారము.

2024లో జాతీయ పోషకాహార సంస్థ వెలువరించిన ఆహారసూచనలు ధాన్యములనుండి వచ్చు శక్తి మొత్తములో 45 శాతమునకు మించరాదనుచున్నవి. మంచి మాటయే, కాని దానినిగూడ అదే ప్రశ్న అడుగవలెను. లేపాక్షి కూలియింటికి బియ్యము కార్డుమీద వచ్చును, పాలును కందిపప్పును ఆకుకూరయు రొక్కమిచ్చి కొనవలెను. కనుక అండుకొర్రలకై వెచ్చించు సొమ్ముతో ముందుగా ఉలవలు, అలసందలు తెచ్చుకొనుడనియే నా సలహా. మధుమేహమున్నవారు అన్నము తిన్ననాడును, ముద్ద తిన్ననాడును భోజనమైన రెండు గంటలకు రక్తము పరీక్షింపించుకొని, ఎంత తిన్నదియు, తోడుగా ఏమి తిన్నదియు ప్రక్కన వ్రాసి, ఆ కాగితమును వైద్యునికి చూపి, తమ కంచములో ఏది ఎంత ఉండవలెనో అడిగి తెలిసికొనవచ్చును.