మీకు తెలుసా? ఘుమఘుమలకు ఓ రాజబిరుదు

లవంగం, దాల్చినచెక్క, గంధం కలగలిసిన మగవాళ్ళ సెంటు నిన్నమొన్నటి మోజు కాదు. కొండవీటి ప్రభువు కుమారగిరి రెడ్డి (1386–1402) వసంతోత్సవాల్లో కర్పూరం, కస్తూరి, గంధం ఎంత ధారాళంగా వాడించాడంటే, ఆయనకు 'కర్పూర వసంతరాయుడు' అన్న బిరుదు నిలిచిపోయింది. ఆ సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ సెట్టి. తర్వాత రాజమహేంద్రవరం ఆస్థానంలో వెలిగిన శ్రీనాథుడు తన 'హరవిలాసం' అంకితమిచ్చింది ఈ సెట్టిగారికే! కవి, రాజు, వర్తకుడు ఒకే పరిమళం చుట్టూ చేరడం నాకెంతో ఇష్టమైన ముచ్చట.

గోదావరి ఉక్కలో ఇలాంటి సెంటు ఒకటి రెండు చుక్కలు చాలు. నిమ్మ కూడా కలిసి ఉంటే, ఒంటి వేడికి ఆ వాసన ముందు ఎగిరిపోతుంది. లవంగం ఘాటు ఇంకాసేపు ఉంటుంది. గంధపు నూనె అణువులు బరువైనవి, నింపాదిగా ఆవిరవుతాయి. అందుకే పొద్దున స్నానమయ్యాక మెడకు రాసుకున్నది, సాయంత్రం చొక్కా విప్పేటప్పుడు కాలరు దగ్గర మెత్తగా పలకరిస్తుంది.