‘బిలవ్‌డ్’ నవలలో తల్లి చెప్పని కథ

బానిస తల్లికి పుట్టిన బిడ్డ కూడా బానిసేనని వర్జీనియా వలస ప్రాంతం 1662లో శాసించింది. తల్లినుంచి కూతురికి చట్టరీత్యా సంక్రమించినది దాస్యమే. టోని మారిసన్ ‘బిలవ్‌డ్’ (1987) నవలలో దీనికి ఎదురునిలిచే వారసత్వం కథ. అయితే దాన్ని అందించేది ఎప్పుడూ కన్నతల్లి కాదు. ఇతర బిడ్డలను పారవేసి తనను మాత్రమే తల్లి ఉంచుకున్నదని సెథెకు చెప్పినది నాన్ అనే మరో బానిస స్త్రీ. నాన్ మాట్లాడిన భాషను సెథె మరచిపోయింది. ఆ మాటల సారం మాత్రం మిగిలింది.

సెథె కూతురు డెన్వర్ పదేపదే వినగోరేది తన జనన వృత్తాంతమే. బానిసత్వానికి తిరిగి చిక్కనీయరాదని తల్లి పసికూతురి ప్రాణం తీసిన ఉదంతం ఆమెకు సహపాఠి ప్రశ్న ద్వారా ఎదురవుతుంది. జవాబు వినలేక డెన్వర్ రెండేళ్లు వినికిడి కోల్పోతుంది. కథనాన్ని స్వస్థతా సాధనంగా మాత్రమే పరిగణించే విమర్శకు ఈ చెవుడు అంతుపట్టదు.

నవలలోని ఆధ్యాత్మికతకు కేంద్రం సెథె అత్తగారైన బేబీ సగ్స్. (అత్తాకోడళ్లనగానే తెలుగువారికి స్ఫురించే వైరం ఇక్కడ లేదు.) చర్చి నియామకమేదీ లేని ఈ బోధకురాలు అడవిలోని ఖాళీ జాగాలో, తమ దేహాలను తామే ప్రేమించుకొమ్మని నల్లవారికి ఉద్బోధిస్తుంది. ఇల్లు దాటడానికి భయపడి గడపలో నిలిచిన డెన్వర్‌కు, మరణించిన ఆ నానమ్మ స్వరమే వినిపిస్తుంది. అది రక్షణకు హామీ ఇవ్వదు. రక్షణ లేదని తెలిసే వెళ్లమంటుంది. డెన్వర్ వాకిలి దాటుతుంది.