మట్టిలోని మందులపెట్టె

వేసవి యెండలకు కాగిన నేలపై తొలకరి చినుకులు రాలినప్పుడు కమ్మని మట్టివాసన లేచుట మనమందర మెరిగినదే. నూజివీటి మామిడిసీమలోని రెడ్డిగూడెము వంటి గ్రామములలో, రసాల కోతలు ముగియు దినములలో, ఈ వాసన తోటల నిండ గ్రమ్ముకొనును. ఆ సువాసన వట్టి మన్నుది కాదు. మంటిలో కాపురముండు స్ట్రెప్టోమైసిస్ అను సూక్ష్మజీవులు పుట్టించు జియోస్మిన్ అను పదార్థమే దానికి ముఖ్యకారణము. ఈ జీవుల యింటిగుట్టును శాస్త్రజ్ఞులు అక్షర మక్షరముగా జదివి తెలిసికొన్న వృత్తాంతమును మేము సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

సూక్ష్మజీవి యనగానే మనకు రోగమే స్ఫురించును. కాని యీ జాతి రోగములను గుదుర్చు మందులకు పుట్టినిల్లు. క్షయరోగమునకు పనిచేసిన స్ట్రెప్టోమైసిన్ 1943లో అమెరికాలో నీ జాతినుండియే లభించెను. తెలుగువారికిని ఈ కథలో భాగము గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనాధ్యక్షులుగా నుండిరి. వారి యాధ్వర్యమున బెంజమిన్ డగ్గర్ అను పండితుడు మిస్సోరీ రాష్ట్రపు పొలముమట్టిలో బంగారువన్నెగల యొక స్ట్రెప్టోమైసిస్‌ను గనుగొనెను. దానినుండి తీసిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిన్ కుటుంబమున నదియే మొదటి మందు. ఆ సంవత్సరము ఆగష్టులోనే సుబ్బారావుగారు పరమపదించిరి.

ఆ కాలమున దేశదేశముల మట్టిని దెచ్చి, అందలి జీవులను పెంచి, ఏది రోగక్రిములను జంపునో పరీక్షించెడివారు. కొన్నియేండ్లకు దొరికిన మందే మరల దొరకసాగెను. మట్టిలోని నిధి యడుగంటినదా యను సందేహము గలిగెను. దానికి సమాధానము ఆ జీవి లోపలనే యుండెను.

ప్రతి జీవకణమునందును డి.ఎన్.ఏ. అను సన్నని పోగు గలదు. ఆ జీవి చేయవలసిన పనులన్నియు దానిపై ఏ, టి, జి, సి అను నాలుగు అక్షరములతోడనే వ్రాయబడియున్నవి. అంత పొడవైన పోగును ఒక్కమారుగా జదువుట సాధ్యము కాదు. కావున దానిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను జదివి, పిదప కూర్తురు. త్రాడు తెగి చెదరిన తాళపత్రగ్రంథమును పెద్దలు సవరించుట మీరు వినియుందురు. ఒక యాకు చివరిమాటలు మరియొక యాకు మొదటిమాటలతో సరిపోయినచో వరుస తెలియును. ఇక్కడను పద్ధతి యిట్టిదే. కూర్పు మాత్రము కంప్యూటరు చేయును.

నీలివన్నె రంగును పుట్టించు స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అను జీవిని ఇంగ్లాండులో డేవిడ్ హాప్‌వుడ్‌గారు 1950 ప్రాంతముల నుండియు పరిశోధించిరి. దాని సంపూర్ణగ్రంథమును సాంగర్ సంస్థవారు, నారిచ్ నగరమునందలి జాన్ ఇన్నెస్ కేంద్రమువారు కలిసి చదివి 2002లో ప్రకటించిరి. అందు 86 లక్షలకు పైబడిన అక్షరములు, సుమారు 7,825 జన్యువులు గలవు. మానవునకు జన్యువులు 20,000 మాత్రమే యనగా, కంటికి కానరాని యీ జీవి సంపద యెంతయో యూహించుకొనుడు.

అంతకన్న వింత మరియొకటి గలదు. ఆ జీవి చేయు మందు లంతవరకు మూడు నాలుగు మాత్రమే తెలిసియుండెను. గ్రంథములో నట్టి పదార్థములను చేయు విధానములు ఇరువదికి పైగా గానవచ్చెను. ఇరువది వంటకము లెరిగిన యిల్లాలు దినమును పప్పు, చారుతోడనే సరిపుచ్చుకొని, చుట్టము వచ్చినప్పుడే పిండివంటలకు బూనుకొనును గదా! ఈ జీవియు అట్లే. ప్రయోగశాలలో పుష్కలముగా నాహారము పెట్టిన, తక్కిన విద్యలు బయటపెట్టదు. మట్టిలో ఆకలియో, ఇరుగుపొరుగు క్రిములతో పోరో కలిగినప్పుడే వానిని ప్రయోగించును. మట్టివాసనకు గావలసిన జన్యువును గూడ 2003లో నీ గ్రంథమునందే గుర్తించిరి.

ఇంత శ్రమ యెందులకని మీ రడుగవచ్చును. ఉన్న మందులకు రోగక్రిములు లొంగుట క్రమముగా తగ్గుచున్నది. నిద్రించుచున్న యా యిరువది విధానములను మేల్కొలుపగలిగినచో క్రొత్తమందులు లభింపవచ్చునని ఆశ. అందాక ఉన్నవానిని కాపాడుకొనుట మన విధి. మందు చేయు జీవి తన విషమునకు తాను చావకుండ రక్షణజన్యువులను గూడ దాల్చియుండును. అట్టివి రోగక్రిములకు సంక్రమించినచో మందు పారదు. యాంటీబయాటిక్సును అనవసరముగా మ్రింగిన కొలది, ఎదిరించు క్రిములే మిగిలి వృద్ధిపొందును.

కావున సోదరీమణులారా, మేము మనవిచేయున దిది. బిడ్డకు జలుబు చేయగానే యాంటీబయాటిక్ వేయకుడు. జలుబు వైరసువలన వచ్చునది, దానిపై నీ మందు పనిచేయదు. నిరుడు మిగిలిన బిళ్ళలను దాచియుంచి వాడకుడు. పొరుగమ్మ కిచ్చుటయు, ఆమె యిచ్చినవి పుచ్చుకొనుటయు మానుడు. వైద్యుడు చెప్పిన మేరకు, చెప్పినన్నినాళ్ళు మాత్రమే వాడుడు. ఎందరో మహనీయులు మట్టినుండి వెలికిదీసిన యీ మందులు మన మనుమల కాలమునకును పనికివచ్చుట, కొంతవరకు మన యింటి మందులపెట్టె తాళముచెవి పట్టిన చేతిలో నున్నది.