బరువు మిషన్ ఒక్కటే చూడకండి, టేపు కూడా చూడండి



"రోజూ నడిపిస్తున్నాం, అయినా కిలో కూడా తగ్గలేదు" అని బొద్దుగా ఉన్న పిల్లల గురించి మీలో కొందరు దిగులు పడుతుండవచ్చు. ఎదిగే వయసులో ఎముకలు, కండరాలు కూడా పెరుగుతాయి. కొవ్వు తగ్గి కండ పెరిగినప్పుడు మిషన్ మీద అంకె కదలకపోవచ్చు. అంతమాత్రాన శ్రమ వృథా అయినట్టు కాదు.

కెనడాలో 14–18 ఏళ్ల వయసున్న 304 మంది అధిక బరువు పిల్లలపై జరిగిన అధ్యయనం 2014లో వెలువడింది. అందరికీ ఆహార సలహా ఇచ్చారు. కొందరితో నడక, సైక్లింగ్ వంటివి, కొందరితో బరువులెత్తే వ్యాయామం, కొందరితో రెండూ చేయించారు. కేవలం ఆహార సలహాతో ఉన్నవారి కన్నా, బరువులెత్తినవారిలో కొవ్వు శాతం స్పష్టంగా తగ్గింది. క్రమం తప్పకుండా వచ్చినవారిలో, నడక వంటివి మాత్రమే చేసినవారి కన్నా రెండూ చేసినవారికి ఎక్కువ మేలు జరిగింది.

పలకరాయి గనుల్లో, పొలాల్లో కష్టపడిన తాతల తరానికి వేరే వ్యాయామం అక్కర్లేకపోయింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సులో మార్కాపురం, గిద్దలూరు వచ్చి చదువుకునే పిల్లలకు ఆ కదలిక లేదు. 5–17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ, అందులో వారానికి కనీసం 3 రోజులు కండరాలు, ఎముకలు బలపడే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇంట్లో ఇలా మొదలుపెట్టండి:

• రోజూ వేగంగా నడక, సైకిల్, తాడాట, కబడ్డీ, ఖోఖో: పిల్లలకు నచ్చింది ఏదైనా సరే. మొదట 20 నిమిషాలు, తర్వాత మెల్లగా పెంచండి.

• రోజు విడిచి రోజు గుంజీళ్లు, గోడకు చేతులానించి దండాలు, మెట్లెక్కడం. ఒక్కోటి 10 సార్లు, రెండు విడతలు. అయితే గుంజీళ్లను శిక్షగా ఎప్పుడూ వాడకండి.

• మన దగ్గర ఎండాకాలంలో ఉదయం 7 లోపు, లేదా ఎండ తగ్గాక సాయంత్రం. నీళ్ల సీసా తప్పనిసరి.

• అన్నం మాన్పించకండి. కూల్‌డ్రింకులు, చిప్స్, బేకరీ తినుబండారాలు తగ్గించండి. పప్పు, గుడ్డు, కూరగాయలు పెంచండి.

• నెలకోసారి బొడ్డు దగ్గర నడుము కొలవండి. అది ఎత్తులో సగం కన్నా తక్కువ ఉండాలి. నలుగురిలో కొలవకండి, "లావు" అనే మాట అనకండి.

మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారినా, నిద్రలో గట్టిగా గురక పెడుతున్నా, మోకాళ్లు లేదా తుంటి నొప్పిగా ఉన్నా, ఆడేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా ముందు పిల్లల డాక్టర్‌కు చూపించండి.

చివరిగా ఒక మనవి. పదో తరగతి పరీక్షలు దగ్గర పడగానే ఆటల పీరియడ్ మాన్పించమని అడగకండి. వారమంతా పుస్తకాల ముందు కూర్చునే పిల్లలకు ఆ పీరియడ్ అవసరం ఇంకా ఎక్కువ. ఈ ఆదివారం మీరూ వారితో కలిసి నడవండి.