పామంటే భయం లేదు, తోటి కోతంటే భయం!

చిన్నతనంలో మెదడుకు దెబ్బ తగిలినా ఎదిగేకొద్దీ అదే సర్దుకుంటుందని చాలామంది నమ్ముతారు. దీనికి కొంత ఆధారం ఉంది. 1930లలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ కెన్నార్డ్ కోతుల మెదడులో కదలికలను నియంత్రించే భాగాన్ని తొలగించి చూశారు. పెద్ద కోతుల కన్నా పిల్లకోతులే బాగా కోలుకున్నాయి. మరి నలుగురితో మెలిగే తీరు కూడా ఇలాగే కోలుకుంటుందా?

మెదడులో కణతల లోపలి వైపు, రెండు పక్కలా బాదంగింజ ఆకారంలో అమిగ్డాలా అనే చిన్న భాగం ఉంటుంది. ఎదురుగా ఉన్నది ప్రమాదకరమా, కాదా అని అంచనా వేయడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. ఈ భాగం దెబ్బతింటే ఏమవుతుందో తెలుసుకోవడానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో డేవిడ్ అమరాల్ బృందం రీసస్ కోతులను పరిశీలించింది.

పెద్ద కోతుల్లో అమిగ్డాలా పోయాక బెరుకు తగ్గింది. ముక్కూ మొహం తెలియని కోతి ఎదురైనా, మామూలుగా చూపే జాగ్రత్త లేకుండా దగ్గరకు వెళ్లాయి.

తర్వాత, పుట్టిన రెండు వారాలకే అమిగ్డాలాను దెబ్బతీసి, పిల్లలను తిరిగి తల్లుల దగ్గరే పెంచారు. 2001లో వెలువడిన ఫలితాలు ఆశ్చర్యపరిచాయి. ఈ పిల్లలు రబ్బరు పాము లాంటి వస్తువులకు అంతగా భయపడలేదు. కానీ కొత్త కోతిపిల్లను చూస్తే మామూలు పిల్లల కన్నా ఎక్కువగా బెదిరాయి. అంటే అదే గాయం, తగిలిన వయసును బట్టి, తోటివారి విషయంలో దాదాపు వ్యతిరేక ఫలితాన్నిచ్చింది.

2004లో ప్రచురించిన మరో అధ్యయనంలో, తల్లికి దూరమైన పిల్లలకు తల్లినీ, మరో ఆడకోతినీ చూపించారు. మామూలు పిల్లలు తల్లి వైపే వెళ్లాయి. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ దెబ్బతిన్న పిల్లలూ అంతే. అమిగ్డాలా లేని పిల్లలు మాత్రం తల్లి కోసం అరవలేదు, ప్రత్యేకంగా ఆమె దగ్గరకు చేరలేదు. అలాగని వాటికి తల్లిపై మమకారం లేదని చెప్పలేం. అపాయం తెలియని పిల్లకు అమ్మ ఒడి వెతుక్కోవాల్సిన అవసరమూ తోచకపోవచ్చు.

తోటివారి పట్ల భయం పుట్టడానికి అమిగ్డాలా ఒక్కటే కారణం కాదనీ, మెదడులోని ఇతర భాగాలకూ అందులో పాత్ర ఉందనీ దీన్నిబట్టి తెలుస్తోంది.

కోతుల్లో చూసినదాన్ని నేరుగా మనుషులకు అన్వయించకూడదు. పిల్లలకు తగిలే గాయాలు ఒకే చిన్న భాగానికి పరిమితం కావడం అరుదు. అయినా ఒక హెచ్చరిక మాత్రం ఉంది. పసితనంలో మెదడుకు దెబ్బ తగిలిన బిడ్డ చక్కగా నడుస్తున్నంత మాత్రాన అంతా సర్దుకుందని అనుకోకూడదు. తోటి పిల్లలతో ఎలా కలుస్తోందో, భయమేస్తే ఎవరి దగ్గరకు పరుగెడుతోందో కూడా కొన్నేళ్లపాటు గమనించాలి.